అజాయబ్‌ఖానా దుర్గయ్య సన్మానం

దుర్గయ్యకు సన్మానం చేయాలని అజాయబ్‌ఖానా కమిటీ తీర్మానించిన సంగతి ఊళ్లో అందరికంటే ముందు దుర్గయ్యకే తెలిసింది. తీర్మానం చేసింది అజాయబ్‌ఖానా గదిలోనే, పెద్దలకు చాయ్ పోసింది అతనే. బడిపంతులు రామచంద్రం సారు తన పేరు చదువుతుంటే అతను కప్పు నిండిన తరువాత కూడా పోస్తూనే ఉన్నాడు. చాయ్ సాసరు దాటి, బల్ల దాటి, సారు ధోవతి మీదికి పోయింది.

"ఏంది దుర్గయ్యా, సన్మానం నీకు, అభిషేకం నాకా?" అన్నాడు సారు, ఎగిరి లేచి.

ఆ ఊరు గుట్టకిందిగూడెం. కట్టంగూరుకు దగ్గర, హైదరాబాదు పోయే పెద్ద రోడ్డును ఆనుకొని ఉంటుంది. అక్కడ అజాయబ్‌ఖానా అంటే ఒకప్పుడు గోపాలకిషన్‌రావు దొర తీర్పులు చెప్పిన కచేరి గది. ఆ రోజుల్లో కచేరి నుంచి పిలుపు వస్తే మనిషి ఇంట్లో అందరికీ చెప్పి మరీ పోయేవాడు. కాలం మారి, బ్లాకు ఆఫీసులు వచ్చి, ఊరికొకటి ఏదైనా ప్రారంభించి తీరాలని పైనుంచి హుకుం దిగినప్పుడు దొర ఆ గదిని ప్రజలకు దానం చేశాడు. కప్పు కురుస్తున్న సంగతి దానపత్రంలో రాయలేదు. గ్రామసేవకుడు గోడలకు సున్నం వేయించి, 'జానపద వస్తు సంగ్రహాలయము' అని బోర్డు పెట్టించాడు. ఆ పేరు పలకడానికి ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు. నైజాం కాలం నుంచి అలవాటైన మాటే ఖాయమైంది.

పాత వస్తువులు కూడబెట్టడానికి ఒక వాలంటీరు కావాలన్నారు. దుర్గయ్య గొర్లకాపరి. పొట్టేలు కుమ్మి మోకాలు పోయాక మందను తమ్ముడికి అప్పగించి, రోడ్డు మీద పోయే లారీలను చూస్తూ పొద్దుపుచ్చేవాడు. వాలంటీరు అన్న మాట చెవికి ఇంపుగా తోచి చెయ్యెత్తాడు. జీతం సంగతి అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గ్రామసేవకుడు తన పాత ఖాకీ చొక్కా ఇచ్చాడు. ఆ చొక్కాలో ఇంటికి వస్తే భార్య గుర్వమ్మ దూరం నుంచి చూసి, పోలీసు వస్తున్నాడని దొడ్డిదారిన చెల్క చేనిలోకి పోయి కూర్చున్నది.

వస్తువులు కూడబెట్టడంలో అతనిది ఒక పద్ధతి. ఏ ఇంట్లో ముసలివాళ్లు మంచం పట్టినా పలకరించడానికి పోయేవాడు. పలకరిస్తూ పలకరిస్తూ అటుక వైపు చూసేవాడు. ఆ మంచానికి ఎదురుగా కూర్చొని, "ఆ దీపపు సెమ్మె మీ తాత కాలంనాటిదా?" అని అడిగేవాడు. కొన్నాళ్లకు అతను వాకిట్లో కనిపిస్తే చాలు, ఇంటివాళ్లు దవాఖాన ఆశ వదులుకొని చుట్టాలకు కబురు పెట్టేవారు.

అట్లా గది నిండింది. గంగాళాలు, కొప్పెరలు, దీపపు సెమ్మెలు, పెండ్లి పీటలు, జంపఖానాలు. దొర కూడా తన నాయనమ్మ పెండ్లికూతురిగా వచ్చిన మేనాను ఇచ్చాడు. ఇంట్లో మోటారు కారు వచ్చిన తరువాత ఆ మేనాలో గబ్బిలాలు కాపురం చేసేవి. ఇచ్చేటప్పుడు దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. రామచంద్రం సారు ప్రతి వస్తువుకూ ఒక అట్టముక్క కట్టి, దాని పేరు రాసి, కింద 'ముట్టరాదు' అని రాశాడు.

ముట్టని రోజులు ఎక్కువ సాగలేదు. మాఘమాసం రాగానే జంగమ్మ తన గంగాళం కోసం వచ్చింది.

"అది అజాయబ్‌ఖానాకు ఇస్తివి గదనే" అన్నాడు దుర్గయ్య.

"ఇచ్చిన్నా? మా ఇంట్ల జాగ లేదని నీ తాన పెట్టిన. బిడ్డ పెండ్లికి పప్పు నీ నెత్తిమీద వండాల్నా?"

దుర్గయ్య తలుపు తీసి పక్కకు జరిగాడు. గంగాళం పోయింది, పెండ్లయినాక అట్టముక్కతో సహా తిరిగివచ్చింది. 'ముట్టరాదు' మీద పప్పు మరక తప్ప దానికేమీ కాలేదు. ఆ మరుసటి వారం జంపఖానా కోసం కుమ్మరివాళ్లు వచ్చారు. ఆ తరువాత మేనా కోసం మంగలివాళ్లు వచ్చారు. దుర్గయ్య కొద్దిగా ఆలోచించి ఒక నియమం పెట్టాడు. తోమి తేవాలి, అట్టముక్క తెంపొద్దు. అప్పటినుంచి ప్రదర్శనశాల ఊరందరి అటుక అయింది. ఏ వస్తువూ తుప్పు పట్టలేదు, దేనికీ చెద అంటలేదు. ఎప్పుడైనా బ్లాకు వాళ్లు చూడటానికి వస్తే, బయటికి పోయిన వస్తువు జాగాలో నిలబడి దుర్గయ్య దాన్ని వర్ణించి చెప్పేవాడు. ఎదుట లేని వస్తువును గురించి చెప్పేటప్పుడే అతనికి గొంతు బాగా వచ్చేది.

ఈ సంగతి తెలియనిది ఒక్క దొరకే. కమిటీకి ప్రెసిడెంటు అయినా ఆయన కాపురం హైదరాబాదులో. ఎలక్షన్లప్పుడు, ఫొటోలప్పుడు మాత్రం ఊరికి వచ్చేవాడు.

సన్మానానికి మంచి రోజు చూడమని సారు ఊరి పంతులును అడిగాడు. పంతులు పంచాంగం తిరగేసి వైశాఖంలో ఒక శుక్రవారం చెప్పాడు. దుర్గయ్య సంబరంగా ఇంటికి వచ్చి రొట్టె ముందు కూర్చున్నాడు.

"శుక్రారం పొద్దుగాలనట. గురుబలం మస్తుగున్నదట" అన్నాడు.

గుర్వమ్మ పెనం మీద రొట్టె తిప్పబోయి ఆగింది. "ఏ శుక్రారం? జంగమ్మ చిన్నబిడ్డ పెండ్లి శుక్రారమా?"

"ఆ."

"కుమ్మరోల్లది గూడ గదే దినం గాదా?"

దుర్గయ్య నమలడం ఆపాడు.

"ఏసోబు బిడ్డది?" గుర్వమ్మ రొట్టె తిప్పి, నవ్వాపుకోలేక పమిట అడ్డం పెట్టుకున్నది. "పంతులు తాన మంచి దినం ఒక్కటే ఉన్నట్టుంది. అందరికీ అదే పంచిండు. సన్మానం నాడు నీ అజాయబ్‌ఖానల బల్లులకు దండ ఎయ్యుండ్రి."

ఏసోబు వాళ్లది హరిజనవాడలోని కిరస్తానీ ఇల్లు. పాస్టరు ఏ రోజైనా దేవుడిదే అన్నాడు. ఏసోబు తల్లి బిక్షమ్మ మాత్రం ఆ మాట వినక, పంతులు వాకిట నిలబడి శుక్రవారం అడిగి తెచ్చుకున్నది. మనుమరాలు సుక్కమ్మను దొర మేనాలో నడిబజారు గుండా తీసుకుపోవాలని ఆమె పట్టు. మేనా ఇస్తానని దుర్గయ్య ఉగాది నాడే మాట ఇచ్చాడు.

మరునాడు సారు మరొక కబురు తెచ్చాడు. "హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు వస్తుండు. నిన్ను రోడ్డు కాడ మేనాల కూసోబెట్టి, డప్పులతోని ఈడిదాక తీస్కొస్తం. దొరగారే చెప్పిండ్రు. గొర్లు కాసినోన్ని దొర తన మేనాల ఎక్కిచ్చిండంటే పేపర్ల ఎట్ల కనవడ్తది చెప్పు?"

సారు పోయిన తరువాత దుర్గయ్య గది తలుపు దగ్గరికి వేసి మేనాలో ఎక్కి కూర్చున్నాడు. కుంటి మోకాలు ఎటు పెట్టాలో చూసుకున్నాడు. కుడివైపు ఒక నమస్కారం, ఎడమవైపు ఒక నమస్కారం పెట్టి చూశాడు. ఎడమవైపుది బాగా కుదిరింది. ఇన్నేండ్లు ఊరి వాళ్ల గంగాళాలు మోసినందుకు ఒక్కనాడు ఊరు తనను మోస్తే తప్పేముంది? ఏసోబుకు నచ్చజెప్పవచ్చు. ఎడ్లబండికి మామిడాకులు కడితే మేనాకు ఏం తక్కువ?

ముందుగా పంతులు దగ్గరికి పోయి సన్మానం రోజు మార్చమన్నాడు. ఆ రోజు దాటితే మూఢం వస్తుందన్నాడు పంతులు. సన్మానానికి మూఢం ఏమిటని దుర్గయ్య అడిగితే, శాలువా కప్పే పని కూడా శుభకార్యం కిందికే వస్తుందని శాస్త్రం చెప్పి పంపించాడు.

ఇక ఏసోబు ఇల్లే మిగిలింది. ఏసోబు రోడ్డు గ్యాంగులో పనికి పోయాడు. వాకిట్లో మంచం తిరగేసి ఉంది. దాని నాలుగు కోళ్ల నడుమ సుక్కమ్మ ముడుచుకొని కూర్చున్నది. బిక్షమ్మ కట్టె పట్టుకొని చుట్టూ తిరుగుతున్నది.

"గట్ల గూనివెట్టి కూసుంటవేందే? మేనాల పోతున్నవా, మొగ్గం గుంతల దిగినవా? నడుము లేపు." దుర్గయ్యను చూసి కట్టె కింద పెట్టింది. "రా కొడుకా. మంచి యాళ్లకొచ్చినవ్. నడిమిట్ల కూసోవాల్నా, జర పక్కకా? నువ్వు అజాయబ్‌ఖానోనివి, నీకు ఎర్కుంటది."

"నడిమిట్లనే అవ్వా" అన్నాడు దుర్గయ్య. రెండు రోజుల కిందటే ఎక్కి చూసిన మనిషి కనుక ఖాయంగా చెప్పగలిగాడు.

"గాలాడ్తదా?"

"పరదా తీస్తే ఆడ్తది. అవ్వా, జర ఒక మాట..."

"తీసే పోవాలె. మూస్కపోయేదానికి మేనా ఎందుకు, గోనెసంచి సాలదా? మొగం కనవడాలె." ఆమె సుక్కమ్మ గడ్డం పట్టి ఎత్తింది. "గదే బజార్ల గదే మేనా వస్తుంటే నేను మోరిల దిగి నిలవడ్డ. ఏసోబు కడుపుల ఉండె. మోకాళ్ల దాక బురద. దొరసాని పోయినంక గూడ కాలు ఎల్లకపాయె, మా ఆయన గుంజిండు." చెప్పి నవ్వింది. "ఏదో మాటన్నవు?"

దుర్గయ్య మంచం కోడు వైపు చూశాడు. "ఏం లేదవ్వా. పరదాకు కొత్త తాడు కట్టిస్తనన్న. గదే చెప్దామని."

దారిలో తన మీద తనకే కోపం వచ్చింది. బడి దగ్గర ఆగి సారుతో, మేనా కొయ్యకు చెద పట్టిందని, వడ్రంగి బాలయ్య దగ్గర రిపేరులో ఉందని చెప్పాడు.

సారు కొంచెంసేపు చింతించి తేరుకున్నాడు. "అయితే నడిచిరా. కుంటుకుంట వస్తే ఇంకా నిరాడంబరంగ ఉంటది."

శుక్రవారం పొద్దున సారు కాగితపు తోరణాలతో అజాయబ్‌ఖానా తలుపు తీశాడు. గోడల వెంట మేకులకు అట్టముక్కలు వరుసగా వేలాడుతున్నాయి. ఈసారి హడావిడిలో అట్టముక్కలు మాత్రం విప్పి ఉంచి వస్తువులను తీసుకుపోయారు. మూలన పగిలిన విసుర్రాయి ఒకటి, ఏ పెండ్లికీ పనికిరానిది, మిగిలి ఉంది. మిగతా గదంతా 'ముట్టరాదు', 'ముట్టరాదు' అని గోడలు చెబుతున్నాయి.

"దొంగలు వడ్డరా?" అన్నాడు సారు.

"లేదు సారూ. పెండ్లిండ్లు వడ్డయి."

"అన్నీనా?"

"ముహూర్తం మీరే పెట్టిచ్చిండ్రు గద సారూ."

సారు గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని, మీటింగు పొడుగ్గా పెడదామని, చివరికి తాళం పట్టేసిందని చెబుదామని నిర్ణయించాడు. సారు చదువుకున్నవాడు కనుక ఆ ఉపాయం వెంటనే తట్టింది.

బయట శామియానా కింద కుర్చీలు వేశారు. జనం లేరు. జనమంతా పెండ్లిళ్లలో ఉన్నారు. ముహూర్తం పెట్టిన పంతులు కూడా పెండ్లిళ్లలోనే ఉన్నాడు. కమిటీ పెద్దలు, శామియానా కట్టినవాళ్లు, నల్లగొండ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫరు, చివరి వరుసలో గుర్వమ్మ. హైదరాబాదు ఆఫీసరు జీపు పొద్దు నెత్తిమీదికి వచ్చాక వచ్చింది. ఆయన కోస్తా వైపు మనిషి, తెల్లటి బట్టలు, మంచి మాటకారి. దుర్గయ్య మెడలో దండ పడింది. శాలువా పళ్లెంలో ఉంది.

ముందుగా దొర మాట్లాడాడు. "ఇన్నేండ్లల్ల ఈ అజాయబ్‌ఖాన నుంచి ఒక్క వస్తువు గూడ గడప దాటలేదంటే, అది దుర్గయ్య కావలి" అన్నాడు మైకులో. కమిటీ పెద్దలు శామియానా గుడ్డను పరీక్షగా చూశారు. వాళ్లలో ఇద్దరి ఇండ్లలో అప్పుడే అజాయబ్‌ఖానా కొప్పెరలలో అన్నం ఉడుకుతున్నది. "గుండుసూది గూడ..." అని దొర ఇంకా ఏదో అనబోతుండగా బజారు మొదట డప్పులు మోగాయి.

మేనా మలుపు తిరిగింది. మోస్తున్నది ఏసోబు గ్యాంగు మనుషులు. గడ్డపారలు మోసిన భుజాలు కనుక మేనా ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు పల్లంగా వస్తున్నది. పరదాలు కొత్త తాళ్లతో పైకి కట్టి ఉన్నాయి. లోపల సుక్కమ్మ వెన్ను నిటారుగా పెట్టి, ఎటూ చూడకుండా, బిగపట్టిన ఊపిరి వదలకుండా కూర్చున్నది. పక్కన బిక్షమ్మ కొయ్య మీద చెయ్యి వేసి నడుస్తున్నది.

దొర మాట ఆగిపోయింది. కొయ్య చివరి ఇత్తడి చిలుకలను గుర్తుపట్టాడు. మైకు నుంచి ముఖం పక్కకు తిప్పి, నెమ్మదిగా అడిగాడు.

"గది మా నాయనమ్మ మేనా. ఎవడిచ్చిండు?"

ఆ గొంతు దుర్గయ్యకు తెలుసు. అది కమిటీ ప్రెసిడెంటు గొంతు కాదు, కచేరి గొంతు. ఇన్నేండ్లు అది ఎక్కడికీ పోలేదని, పక్కగదిలోనే కూర్చున్నదని అతనికి అప్పుడు అర్థమైంది.

"వడ్ల బాలయ్య తాన రిపేరుల ఉండె దొరా" అన్నాడు సారు తొందరగా. "వాడిచ్చిండేమో."

ఆ మాట పట్టుకుంటే చాలు. బాలయ్య అక్కడ లేడు. శాలువా పళ్లెంలోనే ఉంది. దుర్గయ్య కుర్చీ పట్టుకొని లేచాడు.

"బాలయ్య గాదు దొరా. నేనిచ్చిన. ఉగాది నాడు మాటిచ్చిన."

"దించుమను" అన్నాడు దొర. "ఈడ్నే దించుమను."

డప్పులు ఆగాయి. గ్యాంగు మనుషులు మేనాను రోడ్డు మీద దించారు. బిక్షమ్మ కొయ్య మీది చెయ్యి తీయలేదు. పక్కనే మోరి ఉంది, అటు చూడను కూడా చూడలేదు. వెనక వస్తున్న ఏసోబు ముందుకు వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

అంతలో చప్పట్లు వినిపించాయి. హైదరాబాదు ఆఫీసరు లేచి నిలబడి కొడుతున్నాడు.

"అద్భుతమండీ ప్రెసిడెంటుగారూ! ఇలాంటి కార్యక్రమం ఉందని మాకు ఒక్క ముక్క చెప్పలేదేమండీ? మీ ఇంటి పల్లకీలో హరిజన వధువు! వస్తువులు గదిలో పెట్టి తాళం వేయడం ఎవరైనా చేస్తారు. ఇదీ సంగ్రహాలయమంటే!" ఆయన దొర రెండు చేతులూ పట్టుకున్నాడు. "దించమన్నారు, ఫొటో కోసమేనాండీ?"

దొర ఆయన వైపు చూశాడు, ఫొటోగ్రాఫరు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ... ఫొటోకే."

పళ్లెంలోని శాలువాను ఆఫీసరు తన చేత్తో తీసి దొర భుజాల మీద కప్పాడు. దొరను మేనా పక్కన నిలబెట్టారు. "జర నవ్వుండ్రి సార్" అన్నాడు ఫొటోగ్రాఫరు. దొర నవ్వాడు. ఆ నవ్వు తేవడానికి ఆయనకు పట్టిన కష్టం దుర్గయ్య దగ్గరి నుంచి చూశాడు. ఆ తరువాత ఆఫీసరు అడిగితే, ఇక మీదట ఈ మేనా ఊళ్లో ఏ పేదింటి పెండ్లికైనా ఇస్తామని దొర మైకులో ప్రకటించాడు కూడా. ఎప్పటినుంచో జరుగుతున్న పనికి ఆ పూట అనుమతి దొరికింది. అందరికంటే గట్టిగా రామచంద్రం సారు చప్పట్లు కొట్టాడు. అజాయబ్‌ఖానా లోపల చూస్తారా అని అడిగినవాడు లేడు. అసలైనది చూశాను చాలునని ఆఫీసరు జీపెక్కాడు.

శామియానా విప్పుతుంటే గుర్వమ్మ దగ్గరికి వచ్చింది. "ఏదయ్యా నీ శాలువ?"

"దొరకు కప్పిండ్రు."

"మంచిగయింది. గీ ఎండలకు నీకు చెమట కాయలు లేస్తుండె." అతని మెడలో దండ సరిచేస్తూ అన్నది. "కచేరి గొంతుకు ఎదురు జవాబు చెప్పినవ్. నీ ఒంట్ల గంత ధైర్యం ఉన్నట్టు నాకెన్నడు చెప్పలే?"

"నాకు మాత్రం ఎర్కనా?" అన్నాడు దుర్గయ్య. కాని లోపల శాలువా ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆఫీసరు ఒక్కసారైనా తన వైపు తిరిగి చూడలేదన్న మాట దారి పొడుగునా భార్యతో చెబుతూనే ఏసోబు వాళ్ల పందిట్లోకి నడిచాడు.

అక్కడ పెండ్లి అయిపోయింది, పాస్టరు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. పందిరి బయట జంగమ్మ తమ్ముడు తన మనుషులతో నిలబడి గొణుగుతున్నాడు. సాయంత్రం ఊరేగింపుకు మేనా వాళ్లకు కావాలి. మేనా ఖాళీగా లేదు. బిక్షమ్మ అందులో ఎక్కి కూర్చున్నది.

"దుర్గన్నా, నువ్వన్న చెప్పు మా అవ్వకు" అన్నాడు ఏసోబు సిగ్గుపడుతూ. "పెండ్లిపిల్ల దిగంగనే ఎక్కింది. దిగుతలేదు."

"కూసోనియ్యి. జంగమ్మోల్లు జర ఆగుతరు."

"ఉత్తగ కూసుంటే ఏమెర్కయితది?" అన్నది బిక్షమ్మ లోపలినుంచి. "ఎత్తుండ్రి. ఎట్లుంటదో సూస్త."

గ్యాంగు మనుషులు నవ్వుకుంటూ లేచారు. ఒక భుజం తక్కువైంది. దుర్గయ్య దండ తీసి గుర్వమ్మ చేతికిచ్చి, మంచి కాలు ముందు పెట్టి, కొయ్య కింద భుజం ఆనించాడు. మేనా లేచింది. వేపచెట్టు దాకా పోయి, తిరిగి వాకిట్లోకి వస్తుంటే బిక్షమ్మ లోపలినుంచి కొయ్య మీద చేత్తో కొట్టింది.

"దించుండ్రయ్యా, దించుండ్రి. నడుము పట్టింది." దిగి, మేనాను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నడుము మీద చేతులు పెట్టుకున్నది. "గింతేనా? గీ కుదుపుడుకా మమ్ములను మోరిల నిలవెట్టిండ్రు?"

జంగమ్మ తమ్ముడు ఇక ఆగలేక మేనా ఎత్తించుకొని పోయాడు.